మహమ్మారి వస్తే ముందు ఏ తరగతి తెరవాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చి, "పాత జ్ఞాపకాలు చెప్పండి మాస్టారూ" అన్నారు. జ్ఞాపకాలు చెప్పడంలో నాకంటే మాటకారులు వెనక వరసలో చాలామంది ఉన్నారు. వాళ్ళు మైకు కోసం చూస్తున్నారు కూడా. నేను ఉద్యోగమంతా ప్రాథమిక పాఠశాలల్లోనే చేశాను. ఒకటి, రెండు తరగతుల పిల్లలతోనే ఎక్కువ కాలం గడిచింది. చివరి రెండేళ్ళూ కరోనా కాలం. అందుకని ఇంతమంది ఉపాధ్యాయులు, చదువుకున్న పెద్దలు ఒకచోట కలిసిన ఈ రోజున ఒక ప్రశ్న మీ ముందు పెడదామనుకున్నాను. మళ్ళీ అలాంటి మహమ్మారి వస్తే బడి మూయాలా, తెరిచి ఉంచాలా?

అయిపోయిన పెళ్ళికి బాజాలు ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. అది అయిపోలేదని నా నమ్మకం. ఎందుకో చివర్లో ఈ బడి ఆరో తరగతి గురించి మాట్లాడేటప్పుడు చెబుతాను.

నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మా చిన్నప్పుడు ఏ ఇంటి గుమ్మానికైనా వేపమండలు కట్టి ఉంటే ఆ ఇంట్లో అమ్మవారు పోసిందని అర్థం. మశూచి మన దేశంలో 1975 దాకా ఉంది. ఆటలమ్మ, తట్టు సరేసరి. వేపమండలు కట్టిన ఇంటి పిల్లలు బడికి వచ్చేవారు కాదు. తలంటు పోసి, మండలు తీసేశాకే రావాలి. తక్కిన బడి మాత్రం నడిచేది. జబ్బున్న ఇంటిని పక్కన పెట్టి ఊరు తన పని తాను చేసుకునేది. ఇది ఎవరో పెద్ద డాక్టరు రాసిచ్చిన నియమం కాదు, మన ముసలమ్మలకు తెలిసిన నియమం.

కరోనాకు ఈ నియమం అలాగే పనికిరాదని నాకు తెలుసు. మశూచి ఒంటి మీద కనిపిస్తుంది. కరోనా లక్షణాలేవీ లేని మనిషి నుంచి కూడా అంటుకుంటుంది. అది పిల్లలను ఏం చేస్తుందో 2020 మార్చిలో ఎవరికీ తెలియదు. మన రాష్ట్రంలో మార్చి 19న బడులు మూశారు. ఆ రోజు అది సరైన పని. ఈ రోజు అడిగినా అదే చెబుతాను. తెలియని శత్రువు వచ్చినప్పుడు తలుపు వేసుకోవడంలో తప్పేం లేదు. నా పేచీ ఆ తలుపు ఎప్పుడు తీశాం, ఎవరికి ముందు తీశాం అన్న దగ్గరే.

ఆ ఏడాది మే 4న రాష్ట్రంలో మద్యం దుకాణాలు తెరిచారు. జనం ఎగబడ్డారు. వరసలు సరిచేయడానికి మన అనకాపల్లిలో ప్రభుత్వ ఉపాధ్యాయులకే డ్యూటీ వేశారు. ఆ దుకాణాల ముందు నిలబడి టోకెన్లు పంచిన పంతుళ్ళ ఫొటోలు పేపర్లలో, టీవీల్లో దేశమంతా చూసింది. ఇక్కడున్న వాళ్ళలో కొందరికి అది గుర్తు చేయడం నాకూ బాధగానే ఉంది. కానీ ఒక్కటి ఆలోచించండి. ఆరుబయట దూరం దూరంగా నిలబెట్టి, మాస్కులు పెట్టించి, వరసలో పంపడం ఉపాధ్యాయుడికి చేతనవునని అధికారులు నమ్మారు కదా. మరి అదే ఉపాధ్యాయుడు వేపచెట్టు కింద పదిమంది పిల్లలను అలాగే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తాడని ఎందుకు నమ్మలేదు?

అక్టోబరు 15 నుంచి సినిమా హాళ్ళు సగం సీట్లతో నడుపుకోవచ్చని కేంద్రం చెప్పింది. అచ్యుతాపురం సెజ్ బస్సులు అప్పటికే మన రోడ్డు మీద తిరుగుతున్నాయి. తల్లులు షిఫ్టులకు వెళ్తున్నారు. బట్టీల సీజను వచ్చేసరికి చెరకు నరకడానికి వెళ్ళేవాళ్ళు వెళ్ళారు, బెల్లం వండేవాళ్ళు వండారు. పెద్దల బతుకు ఆగితే ఇల్లు గడవదు కాబట్టి అవన్నీ తెరవడం న్యాయమే. అయితే ఇంట్లో పెద్దవాళ్ళు లేని పిల్లలు ఎక్కడున్నారు? ఇళ్ళల్లో ఉన్నారని జీవోలు రాసినవాళ్ళు అనుకుని ఉంటారు. మన పిల్లలు వీధిలో ఉన్నారు, శారదానది గట్టున ఉన్నారు, తాతతో పాటు గానుగ దగ్గర ఉన్నారు. ఒకే ఇంట్లో పదిమంది చేరి ట్యూషన్ కూడా చెప్పించుకున్నారు. జబ్బు అంటే అవకాశం అంతా అక్కడే ఉంది. లేనిదల్లా చదువు, వేడి అన్నం.

అన్నం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. బియ్యం, గుడ్లు, చిక్కీ ఇళ్ళకు పంపారు. అది మంచి పనే. చిక్కీలో మన బెల్లం కూడా ఉందేమోనని మా బడిలో ఒక పిల్లాడు అడిగేవాడు. కానీ ఇంటికి పంపిన గుడ్డు ఇల్లంతా పంచుకుంటుంది, బడిలో వండిన గుడ్డు పిల్లాడి కంచంలోనే పడుతుంది. ఈ తేడా వంట చేసే ఆయమ్మలకు బాగా తెలుసు.

ఇక తెరిచిన వరస చూడండి. 2020 నవంబరు 2న 9, 10 తరగతులకు బడి తెరిచారు. ఆ తర్వాత 8, ఆ తర్వాత 7, సంక్రాంతి దాటాక 6. ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న చిన్నపిల్లలకు 2021 ఫిబ్రవరి 1న తెరిచారు. పై నుంచి కిందికి దిగుతూ వచ్చారన్నమాట. దీనికి కారణం ఉంది. పదో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉంది, పెద్దపిల్లలు మాస్కు పెట్టుకోగలరు, దూరం పాటించగలరు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ జబ్బు తీరు చూసినా, చదువు తీరు చూసినా ఇది తలకిందులు వరస అని నా అభిప్రాయం.

డెన్మార్క్ దేశం 2020 ఏప్రిల్ 15న, మనం లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడే, బడులు తెరిచింది. ఎవరికి తెరిచిందో తెలుసా? ఐదో తరగతి లోపు చిన్నపిల్లలకు. పెద్దపిల్లలు ఇంట్లో పుస్తకం చూసి చదువుకోగలరు, చిన్నపిల్లలకు మనిషి కావాలని వాళ్ళు అనుకున్నారు. డెన్మార్క్ ఎక్కడ, మునగపాక ఎక్కడ అంటారా? నిజమే, అక్కడ ఒక్కో గదిలో మనకున్నంత మంది ఉండరు. కానీ ఏ తరగతి ముందు అన్న ప్రశ్నకు డబ్బుతో పనిలేదు.

మన దేశంలో కూడా ఈ మాట చివరికి అన్నారు. 2021 జూలై 20న ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్ డాక్టర్ బలరామ్ భార్గవ విలేకరుల సమావేశంలో, ఈ వైరస్‌ను పెద్దలకంటే పిల్లలు బాగా తట్టుకుంటున్నారని, తెరిచేటప్పుడు ప్రాథమిక పాఠశాలలతో మొదలుపెట్టడం తెలివైన పని అని, అయితే ముందు సిబ్బందికి టీకాలు పడాలని చెప్పారు. ఆ రోజే నాలుగో జాతీయ సీరో సర్వే వివరాలు బయటపెట్టారు. రక్తపరీక్ష చేస్తే ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్లో 57.2 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. అంటే సగానికి పైగా పిల్లలకు కరోనా అప్పటికే వచ్చి పోయింది. ఆ వయసు వాళ్ళకు అప్పటికి టీకా లేదు. దేశంలో చాలాచోట్ల చిన్నబడి తలుపులు ఏడాదికి పైగా తెరవనే లేదు. బడి మూసి పిల్లలను జబ్బు నుంచి దాచామనుకున్నాం. జబ్బు వేరే దారిన వాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

నూరేళ్ళ కిందటి సంగతి ఒకటి. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు అమెరికాలో చాలా ఊళ్ళు బడులు మూశాయి. న్యూయార్క్, షికాగో మూయలేదు. ఇరుకు ఇళ్ళల్లో, వీధుల్లో పిల్లలు తిరగడం కంటే రోజూ డాక్టరో నర్సో చూసే బడి గది మేలని అక్కడి ఆరోగ్యశాఖ అనుకుంది. దగ్గు, జ్వరం ఉన్న పిల్లాడిని వేరుచేసేవారు. మన వేపమండల నియమం లాంటిదే.

ఇక్కడ ఉపాధ్యాయ మిత్రుల తరఫున మాట్లాడాలి, లేకపోతే అన్యాయమవుతుంది. "రిటైరయిపోయాడు కాబట్టి తెరవమని సులువుగా చెబుతున్నాడు" అని వాళ్ళు అనుకోకూడదు. 2020 నవంబరులో తెరిచిన మూడు రోజుల్లోనే రాష్ట్రంలో 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు పాజిటివ్ వచ్చిందని పేపర్లన్నీ రాశాయి. హాజరైన పిల్లలు దాదాపు నాలుగు లక్షలు కాబట్టి ఇది 0.1 శాతం కూడా కాదని అప్పటి పాఠశాల విద్య కమిషనర్ వాడ్రేవు చినవీరభద్రుడు గారు వివరించారు. లెక్క సరైనదే. పైగా మూడు రోజుల్లో బయటపడిన జబ్బు బడిలో అంటుకున్నది కాకపోవచ్చు, ఇంటి నుంచి తెచ్చుకున్నదే అయి ఉంటుంది. కానీ అదే లెక్కను ఉపాధ్యాయుల వైపు నుంచి చూడండి. హాజరైన ఉపాధ్యాయులు సుమారు 99 వేలు. వాళ్ళలో 160 అంటే పిల్లలకంటే రెండింతలకు పైగా ఎక్కువ నిష్పత్తి. అందులో యాభై దాటినవాళ్ళు, షుగరు, బీపీ ఉన్నవాళ్ళు ఎంతమంది!

2021 వేసవిలో రెండో అల వచ్చింది. ఏప్రిల్ 20 నుంచి తొమ్మిదో తరగతి దాకా బడులు మళ్ళీ మూశారు. ఆస్పత్రుల్లో మంచాలు లేవు, ఆక్సిజన్ లేదు. నాతో పనిచేసిన ఇద్దరు ఆ నెలల్లో పోయారు. వాళ్ళ ఇళ్ళకు పరామర్శకు కూడా వెళ్ళలేకపోయాం. అలాంటి రోజుల్లో బడి మూయాలని ఉపాధ్యాయ సంఘాలు అడిగితే వాళ్ళను బద్ధకస్తులని అన్నవాళ్ళను నేను క్షమించలేను. బడి తెరిచి ఉంచాలంటే దానికి ఖరీదు ఉంది. ఆ ఖరీదు ఉపాధ్యాయుడి ప్రాణం కాకూడదు. టీకా వస్తే ఆస్పత్రి సిబ్బంది తర్వాత వరసలో మొదట నిలబడాల్సింది ఒకటో తరగతి టీచరు. జబ్బు మనిషిని, గర్భిణిని, రిటైర్మెంటుకు దగ్గరైనవాళ్ళను గదిలోకి పంపకుండా వాళ్ళ బదులు ఊళ్ళో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లను కూర్చోబెట్టే అధికారం హెడ్మాస్టరుకు ఉండాలి. ఇవి లేకుండా తెరవమనడం నోటి మాట మాత్రమే.

మరి పరీక్ష కోసం పెద్ద తరగతులు ముందు తెరిచాం కదా, ఆ పరీక్ష ఏమైంది? 2020లో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. 2021లో సుప్రీంకోర్టు గట్టిగా అడిగాక జూన్ 24న మళ్ళీ రద్దయ్యాయి. రెండేళ్ళూ అందరూ పాసే. పరీక్ష జరగలేదు, ఆ పరీక్ష పేరు మీద వెనక్కి నెట్టిన చిన్నపిల్లల చదువు మాత్రం వెనక్కే ఉండిపోయింది.

మన రాష్ట్రం మెచ్చుకోదగ్గ పని ఒకటి చేసింది. అది కూడా చెప్పాలి. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చింది. తెలంగాణ సంక్రాంతి సెలవులను జనవరి 30 దాకా పొడిగించింది. ఇక్కడ కూడా పొడిగించాలని ప్రతిపక్షాలు, చాలామంది తల్లిదండ్రులు అడిగారు. అప్పటికి మనం విశాఖ జిల్లాలోనే ఉన్నాం, జిల్లాలో రోజుకు వెయ్యి కేసులు దాటుతున్నాయి. అయినా జనవరి 17న అన్ని తరగతులకూ బడి తెరిచారు. నేను అప్పుడు బడిలో ఉన్నాను. భయం లేదని అనను. కానీ 2020కీ దానికీ తేడా ఉంది. మాకు టీకాలు పడ్డాయి. జ్వరం ఉన్న పిల్లాడిని బడికి పంపకూడదని తల్లులకు తెలిసింది. ఒకావిడ గుమ్మం దగ్గరే నిలబడి, "మాస్టారూ, మా గుంటడికి ఒళ్ళు ఎచ్చగుంది, నాలుగు రోజులు పంపను, పేరు కొట్టీకండి" అని చెప్పి వెళ్ళింది. ఫిబ్రవరి నాటికి అల తగ్గింది. తెరిచిన మన దగ్గరా తగ్గింది, మూసిన పక్క రాష్ట్రంలోనూ తగ్గింది.

ఇప్పుడు నష్టం లెక్కకు వద్దాం. 2022 పదో తరగతి ఫలితాలు మీకు గుర్తుంటాయి. ఉత్తీర్ణత 67.26 శాతం. కరోనాకు ముందు, 2019లో, అది 94.88. పదకొండు పేపర్లను ఏడుకు తగ్గించినా రెండు లక్షల మందికి పైగా తప్పారు. దానికి పేపర్ల కఠినత్వమనీ, కాపీయింగ్ మీద నిఘా అనీ రకరకాల కారణాలు చెప్పారు. ఎవరికి తోచింది వారు చెప్పారు కాబట్టి ఆ అంకె మీద నేను నా వాదన కట్టను. పైగా వాళ్ళు పెద్దపిల్లలు. సప్లిమెంటరీ ఉంది, ఐటీఐ ఉంది, ఏదో దారి వెతుక్కున్నారు.

నన్ను నిద్రపోనివ్వని అంకె వేరే ఉంది. అసర్ సర్వే వాళ్ళు పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చేత రెండో తరగతి స్థాయి పాఠం చదివిస్తారు. 2018లో మన రాష్ట్రంలో మూడో తరగతి పిల్లల్లో 22.6 శాతం మంది దాన్ని చదవగలిగారు. అదే గొప్ప కాదు. 2022లో అది 10.3 శాతానికి పడిపోయింది. పదిమందిలో ఒక్కరు. బడులు ఎక్కువ కాలం మూసిన కేరళలోనూ పడిపోయింది, తెలంగాణలో 18.1 నుంచి 5.2కు దిగింది.

ఆ సర్వే 2022 సెప్టెంబరు తర్వాత జరిగింది. అప్పుడు మూడో తరగతిలో ఉన్న బిడ్డ ఒకటో తరగతిలో చేరింది 2020 జూన్‌లో. అంటే చేరాల్సిన రోజున బడి లేదు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. మంచి ఉపాధ్యాయులే చెప్పారు, నేను చూశాను. కానీ ఆరేళ్ళ పిల్ల టీవీకి పలక చూపించి "అ ఇలాగేనా?" అని అడగలేదు. మా బడి పిల్లల ఇళ్ళల్లో సగం చోట్ల మంచి ఫోనే లేదు. ఉన్నచోట అది తండ్రి జేబులో ఉండేది. ఆ బిడ్డ ఒకటో తరగతి గదిలో కూర్చున్నది ఫిబ్రవరి 1 నుంచి ఏప్రిల్ 19 దాకా, రెండున్నర నెలలు. మళ్ళీ 2021 ఆగస్టు 16న తెరిచేసరికి రెండో తరగతిలో ఉంది. గుణింతాలు రాకుండానే ఒత్తుల పాఠాలు మీద పడ్డాయి.

2024 అసర్ వచ్చాక దేశమంతా కోలుకున్నామని చదివాం. ప్రభుత్వ బడుల మూడో తరగతిలో చదవగలిగినవాళ్ళు 16.3 నుంచి 23.4 శాతానికి పెరిగారు. సంతోషమే. కానీ వాళ్ళు వేరే పిల్లలు, కరోనా తర్వాత బడిలో చేరినవాళ్ళు. ఆ 10.3 శాతం బ్యాచి ఏమైంది? ఒక్కో తరగతి ఎక్కుతూ వచ్చింది. లెక్క వేసుకోండి. ఈ ఏడాది ఆ పిల్లలు ఆరో తరగతి. చుట్టుపక్కల ఊళ్ళ ప్రాథమిక పాఠశాలల నుంచి, నేను పనిచేసిన బడి నుంచి కూడా, హైస్కూలుకు వచ్చి చేరారు. మొన్న జూలైలో హెడ్మాస్టరు గారి అనుమతితో వాళ్ళతో రెండు పూటలు గడిపాను. చురుకైన పిల్లలు. లెక్కలు నోటితో చెబుతారు, క్రికెట్ స్కోరు తప్పకుండా చెబుతారు. విడిగా పిలిచి చదవమంటే కొందరు ఒత్తు అక్షరం దగ్గర ఆగి నా మొహం చూశారు. సైన్సు, సోషల్ పుస్తకాలు వాళ్ళు ఎలా చదువుతున్నారో మీరే ఊహించండి. తరగతి టీచరు తప్పు కాదు. ఆరో తరగతి సిలబస్‌లో గుణింతాలకు పీరియడు ఉండదు.

అందుకే అయిపోలేదని మొదట అన్నాను.

ఈ సంఘానికి యాభై ఏళ్ళు నిండాయి. ఆర్చి కట్టాం, నీళ్ళ ట్యాంకు కట్టాం, ఏటా మార్కులు ఎక్కువ వచ్చినవాళ్ళకు బహుమతులు ఇస్తున్నాం. ఈ సందర్భంలో నేను సంఘాన్ని అడిగేవి రెండు.

మొదటిది ఒక తీర్మానం. మళ్ళీ మహమ్మారి వస్తే రాష్ట్రమంతటికీ ఒకే తాళం వేయకండి అని. ఊళ్ళో సచివాలయం ఉంది, ఏఎన్ఎం ఉంది, తల్లిదండ్రుల కమిటీ ఉంది. జబ్బు లేని ఊళ్ళో బడి తెరవడం, వచ్చిన వారం మూయడం, తగ్గాక తీయడం వాళ్ళకు వదలాలి. అనకాపల్లి టౌన్‌లో కేసులున్నాయని చూచుకొండలో ఒకటో తరగతి ఆపక్కర్లేదు. తెరిచేటప్పుడు ఒకటి, రెండు తరగతులతో మొదలుపెట్టాలి, ఆరుబయట, చిన్న గుంపులుగా, పూట మార్చి పూట. ఇంట్లో ముసలివాళ్ళున్నారని భయపడే తల్లి పిల్లను పంపకపోతే ఆ పిల్లకు పేరు కొట్టేయకూడదు, వారానికి రెండుసార్లు టీచరు ఆ ఇంటి అరుగు దాకా వెళ్ళాలి. ఈ తీర్మానం జిల్లా కలెక్టరు గారికి, విద్యాశాఖాధికారి గారికి పంపుదాం. వాళ్ళు ఫైల్లో పెట్టుకున్నా నష్టం లేదు. అవసరం వచ్చిన రోజున ఎవరో ఒకరు తీసి చూస్తారు.

రెండోది ఈ ఆరో తరగతి. సాయంత్రం బెల్లు తర్వాత అంటే నాగులాపల్లి వైపు వెళ్ళే ఆడపిల్లలకు చీకటి పడుతుంది, ఆటోలు దొరకవు. అందుకని ఉదయం ఎనిమిది నుంచి ప్రార్థన దాకా. పిల్లలందరి ముందూ కాకుండా విడిగా చదివించి, ఎవరికి ఎక్కడ ఆగుతోందో రాసుకోవాలి. వెనకబడినవాళ్ళ క్లాసు అని పేరు పెట్టొద్దు, పెడితే ఒక్కరూ రారు. కథల పుస్తకాల గంట అందాం. పెద్ద అక్షరాల తెలుగు కథల పుస్తకాలు రెండు వందలు కావాలి. పొద్దున్నే ఇంట్లో తినకుండా వచ్చేవాళ్ళు ఉంటారు కాబట్టి వేరుశనగ చిక్కీ కావాలి. బెల్లం ఇస్తామని ఇద్దరు రైతులు, మన పూర్వ విద్యార్థులే, ఇందాక భోజనాల దగ్గర చెప్పారు. రిటైరైన ఉపాధ్యాయులం ముగ్గురం ఒప్పుకున్నాం. ఇంకో నలుగురు కావాలి. హైదరాబాదులో, అమెరికాలో ఉన్నవాళ్ళు పుస్తకాలు పంపండి, ఇక్కడున్నవాళ్ళు మనుషులుగా రండి. పేర్లు ఇచ్చేవాళ్ళ కోసం బయట సన్మాన పత్రాలు పెట్టిన బల్ల మీద ఒక నోటు పుస్తకం ఉంచాను. సోమవారం ఎనిమిదింటికి మొదలు.

నా పదిహేను నిమిషాలు దాటిపోయాయి, కార్యదర్శి గారు రెండుసార్లు గడియారం చూశారు.